మూతలు మోగని గ్లాసులు

కుస్నాన్ కట్టిన పాట మోగితే మా ఊళ్లో కొబ్బరికాయలు దింపడానికి ఎవరూ చెట్టెక్కాల్సిన పని ఉండేది కాదు. నమ్మనివాళ్లు ఆగస్టు ఊరేగింపు రోజు మా వీధిలో ఒక్కసారి నిలబడి ఉండాల్సింది. లారీ మీద మేడంత ఎత్తున పేర్చిన స్పీకర్లలోంచి వాడి బేస్ దూకిందంటే, గ్లాసు నీళ్లలో నానుతున్న మా పెద్దనాన్న కట్టుడుపళ్లు వాటంతటవే వేయించిన సోయా టెంపే ముక్క నమిలి మింగేవి. చెరకు తోటల్లో ఎలుకలు పిల్లాపాపలతో సామాను సర్దుకుని పక్క జిల్లాకి వలస పోయేవి. నేను బడి మానేసింది కూడా ఆ బేస్ వల్లే. ఎక్కాలన్నీ చెవిలోంచి రాలిపోయాయి. మా అమ్మ ఇంకేదో కారణం చెబుతుంది గానీ ఆవిడ మాట వదిలేయండి.

ఇంత ఉరుము పుట్టించేవాడు ఎలా ఉంటాడనుకుంటున్నారు? అగరుబత్తి పుల్లకి చొక్కా తొడిగినట్టు ఉంటాడు. తుమ్మొస్తే పక్కవాళ్లని అడిగి తుమ్మే రకం. పగలు పొలాల పంపు మోటార్లకి రాగి తీగ చుడతాడు. పని అయిపోగానే ఇంటి వెనక గదిలో దూరి పాటలు కడతాడు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. వేడెక్కితే విసనకర్రతో విసరాల్సిన కంప్యూటర్ ఒకటి. కొబ్బరి చిప్పలంత స్పీకర్లు రెండు. వాళ్ల అవ్వ బీరువా పలకలు ఊడదీసి వాడే స్వయంగా చేసుకున్న పెద్ద బేస్ పెట్టె ఇంకొకటి. ఆ పాటల్లో మధ్యమధ్య "హొయ్!" అని ఒక కేక వినపడుతుంది చూశారూ, అది నాదే. ఆ కేక లేకపోతే ఆ పాటలకి ప్రాణమే లేదని పెద్దపెద్దవాళ్లు అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు లేదు.

పాట కట్టడం ఎవడైనా కడతాడు. కింద ఒక డప్పు, దానికి ఆనుకుని బేస్, పైన ఈలలాంటి రాగం, నడుమ నా కేక. కష్టమంతా ఎవరి నోరు ఎంత తెరవనివ్వాలో తేల్చడంలో ఉంది. పెళ్లింట్లో చుట్టాలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టినట్టు. బేస్ కాళ్లు చాపితే రాగం గుమ్మం బయట పడుకోవాలి. బేస్‌ని మరీ ముడుచుకోమంటే లారీ వెనక నడిచే జనానికి కాళ్లు కదలవు. దానికితోడు కుస్నాన్ గదిలో బేస్‌కి ఒక దుర్గుణం ఉంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే అది ఉందో లేదో తెలియదు. తలుపు మూలన నిలబడితే పిడుగులా ఉంటుంది. మంచం మీద పడుకుంటే కడుపులోకి వచ్చి దేవుతుంది. ఏది నమ్మాలి?

వాడు ఈ మూడింటినీ నమ్మడం మానేసి గోడ అవతలున్న కాఫీ గ్లాసుల్ని నమ్మాడు.

గోడ అవతల బూలిక్ సతేమి కాఫీ కొట్టు. బూలిక్ అంటే పిన్ని. వాడికి నిజంగానే పిన్ని వరస. మా ఊరికంతా బూలిక్కే. కాఫీ గ్లాసులు, వాటి మీద రేకు మూతలు, అన్నీ ఆ గోడకి కొట్టిన చెక్క మీదే వరసగా ఉంటాయి. కుస్నాన్ ఇవతల బేస్ కొంచెం కొంచెంగా పెంచుతూ పోతాడు. ఒక దగ్గర అవతల మొదటి మూత చలికి పళ్లు కొట్టుకున్నట్టు టకటకమంటుంది. అంతే, చెయ్యి ఆపి, వెంట్రుకవాసి వెనక్కి లాగుతాడు. ఆ కొలతతో చేసిన పాట లారీ మీద పెడితే జనానికి పూనకం వచ్చేది, ఇంటి పెంకులు ఇంటి మీదే ఉండేవి. ఈ సంగతి ఎవరికీ తెలియదు. బూలిక్‌కి కూడా వాడెప్పుడూ చెప్పలేదు. లారీ యజమాని చాక్ ముర్సిద్, అంటే ముర్సిద్ అన్న, అయితే అదంతా కుస్నాన్ చెవుల గొప్పతనమనుకునేవాడు. "ఈ చెవులకి బంగారు తొడుగు చేయించాలి" అని పదిమందిలో వాటిని పట్టుకుని లాగేవాడు.

ఇక గువ్వ సంగతి. బూలిక్ భర్త, అంటే మా బాబాయి, పాక్‌లిక్ తర్మాన్ బతికుండగా ఒక చారల గువ్వని పెంచాడు. దాని పేరు కి లిరిహ్. మా మాటల్లో లిరిహ్ అంటే మెల్లని గొంతు. పొద్దున్నే దాని పంజరాన్ని పొడుగాటి వెదురు గడ మీదికి తాడుతో లాగి, కింద నిలబడి బొటనవేలితో చిటిక వేసేవాడు. చిటిక పడగానే పైనుంచి కూత. ఆ కూత కోసం మార్కెట్‌కి వెళ్లే మోటారుసైకిళ్లు కూడా ఇంజిన్ ఆపి తోసుకుంటూ పోయేవి. పాక్‌లిక్ పోయాక పంజరం లాగే పని బూలిక్‌ది అయింది. ఆవిడకి చిటిక వేయడం రాలేదు. "మీ బాబాయి వేళ్లు వేరు" అనేది. గువ్వ మాత్రం చిటిక లేకుండానే కూసేది. ఆ కూత వింటూనే ఆవిడ కొట్టు తలుపు తీసేది.

ఆ ఏడు ఊరేగింపు దగ్గర పడుతుండగా చాక్ ముర్సిద్ వచ్చి కుస్నాన్ మంచం మీద కూలబడ్డాడు.

"కుస్, కిందటేడు పక్కూరి లారీ ముందు మన లారీ దగ్గినట్టుందిరా. ఈసారి నాకు బేస్ కావాలి. జనం పొద్దున తిన్న అన్నం మళ్లీ నోట్లోకి రావాలి."

"బేస్ మరీ ఎక్కువైతే రాగం వినపడదు చాక్."

"రాగం కావాల్సినవాడు రేడియో కొనుక్కుంటాడు. నువ్వు నీ చెవులు చెప్పినట్టు చెయ్యి చాలు."

కుస్నాన్ ఎప్పటిలాగే కూర్చున్నాడు. బేస్ పెంచాడు. అవతల చప్పుడు లేదు. ఇంకాస్త పెంచాడు. కాఫీ తాగేవాళ్ల నవ్వులు వినపడుతున్నాయి గానీ మూత మోగలేదు. ఇంకా పెంచాడు. మూలన ఉన్న చీపురు కింద పడింది. తలుపు మూలకి వెళ్లి నిలబడితే గుండె అదిరింది. అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ మూతలు మోగలేదు కదా అని తిరిగొచ్చి కూర్చుని మళ్లీ పెంచాడు. చివరికి ఎక్కడో ఒక మూత ముక్కుతో మూలిగినట్టు చిన్న చప్పుడు చేసింది. "హమ్మయ్య" అనుకుని పాట ముర్సిద్ చేతిలో పెట్టాడు.

ఊరేగింపు రోజు మధ్యాహ్నం మా వీధిలో అందరూ అలవాటుగా కిటికీ అద్దాలు ఊడదీసి పరుపుల మధ్య దాచారు. బూలిక్ కూడా ఎప్పటిలాగే పంజరానికి దుప్పటి చుట్టి వెనక గదిలో బియ్యం బుట్టల మధ్య పెట్టింది. మా లారీ వీధి మలుపు తిరిగింది. పాట మొదలైంది.

ఆ రోజు గురించి నేను పెంచి చెప్పాల్సిన పని లేదు. లారీ ముందు నడుస్తున్న బాజా మేళంవాడి మీసం ఒకవైపు ఊడిపోయింది. అది పెట్టుడు మీసమని ఇంటికెళ్లాకే మాకు తెలిసింది. పెంకులు జారాయి. పక్కూరి లారీవాళ్లు తమ స్పీకర్లు ఆపేసి, చెవులు మూసుకుని, చప్పట్లు కొట్టలేక కాళ్లతో నేల తన్నారు. జనం కుస్నాన్‌ని భుజాలకెత్తుకున్నారు. వాడి ముఖం మాత్రం పాలిపోయింది. లారీ సరిగ్గా బూలిక్ ఇంటి ముందు ఉండగా, అందరి తలల మీదుగా వాడు వెనక గది వైపే చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున బూలిక్ పంజరం గడ మీదికి లాగింది. గువ్వ కూయలేదు. గింజలు తింటోంది, నీళ్లు తాగుతోంది, మెడ మాత్రం ఒంట్లోకి లాక్కుని కూర్చుంది. ఆ మర్నాడూ అంతే.

"జలుబు చేసిందేమో" అంది బూలిక్ కాఫీ కలుపుతూ. "లేకపోతే నేను గింజలు మార్చడం పడలేదేమో. పాత కొట్టువాడి దగ్గరే కొనాల్సింది. నాదే బుద్ధి తక్కువ."

కొట్టు నిండా జనం. అందరూ కుస్నాన్ వీపు మీద చరిచేవాళ్లే. "ఒరేయ్, నీ బేస్‌కి మా ఆవిడ నోరు ఒక పూట మూతపడింది, నీ పేరు చెప్పుకుని అన్నం తిన్నాను" అంటాడొకడు. "మా అత్తకి కూడా పెట్టరా" అంటాడింకొకడు. కుస్నాన్ నవ్వలేదు. కాఫీ గ్లాసు మూత తీశాడు. తీసి, తిప్పి చూశాడు. మూత లోపల గుండ్రంగా కత్తిరించిన పాత బాతిక్ గుడ్డ, గంజితో అంటించి ఉంది. చెక్క మీదున్న ఇంకో మూత తీశాడు. దానికీ ఉంది. అన్నిటికీ ఉంది.

"ఇదేంటి బూలిక్?"

"అయ్యో, నీ కంట పడకూడదనుకున్నాను" అంది ఆవిడ సిగ్గుపడుతూ. "ఈ కాఫీ తాగే వెధవలు ఊరుకోరు కదా నాంగ్, నాయనా. మూతలు గలగలమంటే చాలు, 'కుస్నాన్ వాయిస్తున్నాడు, బూలిక్ గ్లాసులు తాళం వేస్తున్నాయి' అని ఒకటే ఇకఇకలు. గోడ అవతల నీ చెవిన పడితే మనసు చిన్నబుచ్చుకుంటావు. నామోషీ పడి పని మానేస్తావేమోనని భయం కూడాను. అందుకే ఊరేగింపు ముందు కూర్చుని అన్నిటికీ అంటించాను. ఇంక నువ్వెంత వాయించుకున్నా మా వైపు నుంచి చప్పుడుండదు. బాగుందా?"

"బాగుంది" అన్నాడు కుస్నాన్. మూత మళ్లీ గ్లాసు మీద పెట్టాడు. అది చప్పుడు చేయలేదు.

వాడు సరాసరి నా దగ్గరికొచ్చి, నన్ను చెరకు గట్టు మీదికి లాక్కుపోయి, మూతల కథ మొదటినుంచీ చెప్పాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టబోయాను.

"ఒట్లు అక్కర్లేదు సమ్సూ. నువ్వు చెప్పినా ఎవడూ నమ్మడు. అందుకే నీకు చెప్తున్నా."

"అయితే వెళ్లి చెప్పెయ్. బేస్ నాదే, తప్పు నాదే, క్షమించు బూలిక్ అను. ఆవిడ నిన్ను కొరుకుతుందా?"

"ప్రతి ఏడూ లారీ వస్తోంది. ప్రతి ఏడూ ఆ దుప్పటి సరిపోయింది. ఈ ఏడే ఏమైందిరా అని అడుగుతుంది. అప్పుడు మూతల సంగతి చెప్పాలి. చెప్పానంటే గువ్వ గొంతు ఆవిడ చేత్తో ఆవిడే నొక్కినట్టవుతుంది. నా మీద గౌరవంతో గుడ్డలు అంటించిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను?"

నేను చెరకు గడ ఒకటి విరిచి వాడి చేతిలో పెట్టాను.

"తలుపు మూలన గుండె అదిరిందిరా" అన్నాడు వాడు చెరకు ఆకు చీలుస్తూ. "అప్పుడే తెలిసింది. గోడ చుట్టి అవతలికి నాలుగడుగులు వేసి, ఒక కాఫీ తాగి, మూతలెందుకు మోగట్లేదో చూస్తే సరిపోయేది. బద్ధకం. కూర్చున్న చోటునుంచి లేవలేదు."

బూలిక్ రోజురోజుకీ కొట్టు ఆలస్యంగా తీయడం మొదలుపెట్టింది. పంజరం పైకి లాగి, కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేది. ఒకసారి చిటిక వేయబోయింది. వేళ్లు జారాయి తప్ప చప్పుడు రాలేదు. తన గది గుమ్మంలో నిలబడి కుస్నాన్ అది చూశాడు.

గువ్వల్ని పెంచేవాళ్లు పిల్ల గువ్వకి పాట నేర్పడానికి ముదురు గువ్వ కూత వినిపిస్తారు. వాడికి అది తట్టింది. పాక్‌లిక్ బతికున్నప్పుడు ఒక పొద్దున నా "హొయ్" కేకలు రికార్డు చేశాం. నా కేకకీ కేకకీ మధ్య ఖాళీల్లో గోడ అవతలి గువ్వ దూరేది. ప్రతిసారీ దాన్ని కోసి పారేయడం వాడికి పెద్ద తలనొప్పి. ఇప్పుడా పాత రికార్డు వెతికి తీశాడు. ఈసారి నన్ను కోసి పారేసి గువ్వని ఉంచాడు! మా ఊళ్లో నా గొంతుకి జరిగిన అవమానాల్లో ఇదే పెద్దది.

ఆ కూతని కడిగాడు, తుడిచాడు, పైకి తెచ్చాడు. మధ్యలో 'టిక్' అని మైకు తీగ చప్పుడొకటి మిగిలింది గానీ అదంత వినపడేది కాదని వదిలేశాడు. చిన్న స్పీకరొకటి చూరు కింద, వెదురు గడకి దగ్గరగా దాచాడు. తన గొంతు తను వింటే గువ్వకి ధైర్యం వస్తుందనేది వాడి ఆశ. పొద్దున్నే మెల్లగా మోగించాడు.

గువ్వ తల తిప్పి చూసింది. కూయలేదు. కానీ బూలిక్ చేతిలో చెంబు కింద పడింది.

ఆవిడ పైకి చూస్తూ నిలబడిపోయింది. అక్కడినుంచి గువ్వ ముక్కు కదిలిందో లేదో కనపడదు. కాసేపటికి కొట్టు తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవాళ్లందరికీ వేయించిన అరటిపండు ఊరికే పెట్టింది. "కి లిరిహ్‌కి జలుబు తగ్గింది" అని ఊరంతా పాకింది. కుస్నాన్ ముందు మాత్రం అందరికన్నా పెద్ద పళ్లెం పెట్టింది. వాడు దాన్ని ఇసక నమిలినట్టు నమిలాడు.

అక్కడినుంచి వాడు ఇరుక్కుపోయాడు. ఒక్క పొద్దున మోగించకపోతే గువ్వ మళ్లీ మూగదైపోయినట్టే. జ్వరం వచ్చినా లేచి మోగించేవాడు. పంపు మోటారు పనికి పక్కూరు వెళ్లాల్సి వస్తే మానేసేవాడు. పై గువ్వ మెడ ముడుచుకుని కూర్చునేది, చూరు కింది డబ్బా కూసేది, కింద బూలిక్ తల ఊపేది. ముర్సిద్ కొత్త పాట కావాలని మనిషి మీద మనిషిని పంపితే, "చెవులు బాగోలేవు చాక్" అని తప్పించుకునేవాడు.

"దొంగతనం చేసినవాడికైనా రోజుకి ఒకసారే భయం" అన్నాడు నాతో. "నేను పొద్దున్నే లేచి మళ్లీ కొత్తగా చేస్తున్నా."

చివరికి చెప్పేద్దామనే వెళ్లాడు. నన్ను తోడు రమ్మన్నాడు. కొట్టులో అప్పటికి జనం లేరు. బూలిక్ కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తోంది.

"బూలిక్, గువ్వ సంగతి ఒకటి చెప్పాలి."

"చెప్పు నాంగ్."

వాడు నోరు తెరిచాడు, మూశాడు. నీళ్లలోంచి తీసిన చేప కూడా అంత కష్టపడదు. ఆవిడే అంది, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, ముఖం ఇటు తిప్పకుండా:

"పిట్టకి గొంతు వచ్చిందంటే నమ్ముతాను కుస్. మరి చిటిక ఎవరు వేస్తున్నారు?"

కుస్నాన్ బల్ల మీద కూర్చుండిపోయాడు. మైకు తీగ చప్పుడనుకున్నది అదే. ఆ పొద్దున గోడ అవతల పాక్‌లిక్ వేసిన చిటిక. గువ్వని పైకి తేవాలని లాగినప్పుడు అది కూడా దాని వెంట వచ్చేసింది.

"మొదటి రోజే తెలిసిందా?"

"ముప్పై ఏళ్లు విన్న చిటిక రా అది. చెంబు ఊరికే జారిందనుకున్నావా?"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావు బూలిక్?"

"నేను అడిగితే నువ్వు ఆపేస్తావు కదా."

కుస్నాన్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "గువ్వ గొంతు పోవడానికి కారణం నీ గింజలు కాదు. నా బేస్. నేనే చేశాను."

"ఆ బేస్ నీదని ఊరంతా అరుస్తుంటే నాకు తెలియదా?" ఆవిడ ఇటు తిరిగింది. కోపం లేదు, అడగడం మాత్రం సూటిగానే అడిగింది. "కానీ ఒకటి చెప్పు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. దుప్పటి సరిపోయేది. ఈ ఏడే ఎందుకంత పెంచావు?"

బల్ల మీద వాడి ముందే కాఫీ గ్లాసు ఉంది. మూత మీద వాడి వేలు ఉంది. ఆ వేలు మూత అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. నా జన్మలో నేను మాట్లాడకుండా ఉన్నది ఆ కాసేపే.

"చెవులు మొద్దుబారాయి బూలిక్" అన్నాడు కుస్నాన్. "ఎంత పెంచానో నాకే వినపడలేదు."

"అయ్యో నా తండ్రీ!" ఆవిడ లేచి నిలబడింది. "ముందే చెప్పొద్దూ? ముర్సిద్‌తో చెవులు బాగోలేవన్నావంటే పని ఎగ్గొట్టడానికి సాకనుకున్నాను. వల్లకాటి బేస్, పిల్లాడి చెవులు తినేసింది! పడుకో, ఈ బల్ల మీద పక్కకి పడుకో."

ఆవిడ గరిటెలో కొబ్బరి నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి వెచ్చ చేసింది. గడ్డిపరక కదిలినా వినపడే ఆ చెవుల్లో ఒకదాని తర్వాత ఒకటి పోసింది. "రోజూ రావాలి, తగ్గేదాకా పోస్తాను" అంది. "అన్నట్టు, ఆ చిటికని కాస్త పైకి తేగలవా? వయసు మీద పడింది, సరిగా అందట్లేదు."

వాడు తెచ్చాడు. కానీ చిటికని పెంచలేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ తగ్గించాడు. గాలి, రోడ్డు, చివరికి గువ్వని కూడా కొంచెం. అన్నీ తగ్గాక చిటిక దానంతటదే ముందుకొచ్చి నిలబడింది. పెంచకుండా పైకి తేవడం అప్పుడే నేర్చుకున్నాడట. ముర్సిద్‌కి ఆ తర్వాత కట్టిచ్చిన పాటలు అలాగే కట్టాడు. లారీ పక్కన నిలబడి, విని, మళ్లీ ఇంటికొచ్చి దిద్ది, మళ్లీ వెళ్లి విని. "దీని బేస్ ఉపవాసం ఉన్నట్టుందిరా" అని ముర్సిద్ సణుగుతాడు. మూతల కింద గుడ్డలు మాత్రం అలాగే ఉన్నాయి. అరిగితే బూలిక్ కొత్తవి అంటిస్తుంది. వాటి దగ్గర గంజి గిన్నె పట్టుకుని కూర్చునేది కుస్నానే.

ఇప్పటికీ పొద్దున్నే వాడు ఆ బల్ల మీద ఒక పక్కకి తిరిగి, చెవిలో నూనెతో పడుకుని ఉంటాడు. తగ్గిందని చెప్పడానికి వాడికి నోరు రాదు. చెవులు బాగున్నాయంటే, మరి ఆ ఏడే ఎందుకంత పెంచావన్న ప్రశ్న మళ్లీ వస్తుంది.

మొన్న నేను గడ కింద నిలబడి ఉన్నాను. బూలిక్ కెటిల్ కోసం లోపలికి వెళ్లింది. చూరు కింద చిటిక పడింది, డబ్బా కూసింది. అది ఆగాక పైనుంచి, పంజరంలోంచి, బొంగురుగా ఇంకో కూత వచ్చింది. గువ్వ మెడ ఉబ్బడం నా కళ్లతో చూశాను. పరుగెత్తుకెళ్లి బూలిక్‌కి చెప్పాను. "నీ కోతలు నా దగ్గర కాదు సమ్సూ" అని కాఫీ చేతిలో పెట్టింది. కుస్నాన్ భుజం పట్టి ఊపి చెప్పాను. వాడు చెవిలో నూనె ఒలికిపోకుండా తల అలాగే ఉంచి, నా వైపు జాలిగా చూసి, కళ్లు మూసుకున్నాడు.